పావు తులం సీసం

మా ఇంట్లో కంసాలి త్రాసు ఒకటుంది. అంకెలు చూపించే చిన్న కరెంటు త్రాసు. మెదక్ బజార్లో నగల పని మానుకుని హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ ఒక పాత దోస్తు సగం ధరకు ఇచ్చాడు. "మీ ఇంట్ల గురిగింజెత్తు బంగారం లేదు, నీకెందుకే ఇది?" అని నవ్వాడు కూడా.

ఏటా మృగశిర కార్తెకు ముందు ఒక మధ్యాహ్నం దాన్ని బయటికి తీస్తాను. గది తలుపు గడియ పెట్టి, ఫ్యాను ఆపుతాను. ఫ్యాను గాలికి కూడా అంకె ఊగుతుంది మరి. పాయింట్ 22 తూటాలు ఒక్కొక్కటే పళ్లెంలో పెడతాను. పెట్టెకు 50. ఒక్కోటి సుమారు 3.3 గ్రాములు. అన్నీ ఒకే యంత్రం మీద పుట్టినవే అయినా చివరి అంకె దగ్గర తేడాలు బయటపడతాయి. తూకం కలిసినవి ఒక డబ్బాలోకి, కాస్త అటూ ఇటూ అయినవి ఇంకో డబ్బాలోకి, మరీ వేరుగా తూగినవి మూడోదాంట్లోకి. "బియ్యంల రాళ్లేరమంటే ఏరవు గని, గివి మాత్రం మంచిగ ఏరుతవ్" అని మా ఇంటామె తలుపు అవతల నుంచి అంటుంది.

విదేశాల్లో రైఫిలు పట్టేవాళ్లు చాలామంది తమ తూటా తామే కట్టుకుంటారు. హ్యాండ్‌లోడింగ్ అంటారు. మన దగ్గర 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. ఆ మాటకొస్తే చట్టం ఒప్పుకున్నా పాయింట్ 22 తూటాను ఇంట్లో మళ్లీ కట్టడం అయ్యే పని కాదు. మిగతా తూటాలకు అడుగున మధ్యలో విడిగా ఒక చిన్న టోపీ ఉంటుంది, పేలాక దాన్ని తీసి కొత్తది పెట్టొచ్చు. పాయింట్ 22 కు నిప్పు పుట్టించే మందు ఆ ఇత్తడి అంచు మడతలోనే ఉంటుంది. సూది దెబ్బకు అంచు నలిగిందంటే దాని పని అంతటితో సరి. అందుకని నా చేతిలో మిగిలింది ఏరుకోవడం ఒక్కటే. ముప్పై ఏళ్లుగా ఏరుకుంటూనే ఉన్నాను, మొదట్లో ఒట్టి కంటితో, ఇప్పుడు త్రాసుతో.

నేను చేసే పని చెప్పాలి. మెదక్ చుట్టుపక్కల ఊళ్లలో పంటల మీద పడే అడవి పందులను, అనుమతి కాగితం చేతికి వచ్చినప్పుడు, కాలుస్తాను. బతుకుదెరువు మాత్రం ఇది కాదు, మోటార్లు చుట్టే దుకాణం. పందుల పనికి జీతం లేదు. ఊరివాళ్లు డీజిలు పోయిస్తే పోయిస్తారు, లేకపోతే ఒక సంచెడు మక్క కంకులు బండిలో వేస్తారు. నేను మెదక్ వాణ్ని, తుపాకులతో పని అంటే బయటివాళ్లు వెంటనే "ఓహో, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలోనా?" అంటారు. మెదక్ పేరు పెట్టుకున్న ఆ ఫ్యాక్టరీ 1984లో ఎద్దుమైలారంలో వచ్చింది. ఇప్పుడది సంగారెడ్డి జిల్లా. అక్కడ తయారయ్యేవి సైనికులను ఎక్కించుకుని పోయే గొలుసు చక్రాల యుద్ధ వాహనాలు. మా పందులకు అంత సరంజామా అక్కర్లేదు.

తూటా కట్టడం మా ఇంట్లో లేని విద్య కాదు. మా బాపు దగ్గర పంట కాపలా లైసెన్సు మీద భర్మార్ తుపాకి ఉండేది. మూతిలోంచి మందు పోసి కూరే రకం. మా ఊరు మంజీర ఒడ్డున, ఘనపురం ఆనకట్ట నీళ్లు పారే చోట. చెరుకు, వరి. పొద్దుగూకాక బాపు అరుగు మీద కూర్చుని తుపాకి నింపుతుంటే మమ్మల్ని ఆమడ దూరం ఉంచేవాడు. చుట్ట ముట్టించుకునే మనిషి, ఆ పని మొదలుపెట్టే ముందు చుట్టను, అగ్గిపెట్టెను అమ్మ చేతికిచ్చి లోపలికి పంపేవాడు. మందు కొలవడానికి చిన్న ఇత్తడి గొట్టం, దాన్ని నిండా పోసి వేలితో చదును చేసేవాడు. తర్వాత కొబ్బరి పీచు ఉండ, ఇనుప కడ్డీతో దట్టింపు, సీసపు గుండ్లు, మళ్లీ పీచు. కడ్డీ లోపలికి ఎంత దిగిందో బొటనవేలితో చూసుకునేవాడు. అక్కడ ఒక గీత గీసి ఉండేది. గీత మూతి బయటే ఆగిపోతే తుపాకిలో నిన్నటి మందు మిగిలి ఉందని లెక్క. పక్క ఊర్లో ఒకాయన ఆ గీత చూసుకోలేదు. నింపిన తుపాకిని మళ్లీ నింపాడు. గొట్టం చీలి ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి. "మందు ఎక్కువైతే తుపాకి పందిని కాదు, మనల్ని తింటది" అని బాపు ఆయన చెయ్యి చూపించే మాకు నేర్పాడు.

వాన పడితే ఆ మందు తడిసి తుస్సుమనేది. పంది నవ్వుకుంటూ పోయేది. నిజానికి ఆ తుపాకి చంపిన పందుల కంటే దాని చప్పుడు తరిమినవే ఎక్కువ. మంచె మీద ఒడిసెల పట్టుకుని కూర్చునే కూలీ పిల్లవాడు, కిందెక్కడో ఒక భర్మార్ మోత, ఇంతే మా కాలపు పంట కాపలా.

బాపు పోయాక నేను కొన్న మొదటి తుపాకి 12 బోరు సింగిల్ బ్యారెల్. తర్వాత పాయింట్ 22 రైఫిలు. చిన్నది, తేలిక, భుజానికి దెబ్బ తెలియదు, తూటా చవక. కుర్రతనం. చెవి వెనక సరిగ్గా కొడితే ఎంత పందైనా పడుతుందని ఎవరో చెప్పారు, నేను నమ్మాను.

పాయింట్ 22 గుండు బరువు 40 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గింజే. బంగారం తూచే తులానికి సరిగ్గా 180 గ్రెయిన్లు. అంటే ఈ గుండు పావు తులం కూడా లేదు. అది గొట్టం మూతి దాటేటప్పుడు దాదాపు చప్పుడు వేగంతో పోతుంది, సెకనుకు 330, 350 మీటర్లు. ఒక ఉడతకు, ఎలుకకు ఆ వేగం చాలు. మగ పందికి భుజాల మీద చర్మం కింద గట్టి పలక ఉంటుంది. పోట్లాటల్లో కోరలు దిగకుండా దేవుడిచ్చిన డాలు. ఒండ్రు బురదలో పొర్లి ఆరి వస్తే దాని మీద ఇంకో పెంకు.

ఆ ఏడాది కార్తీకంలో, చెరుకు తోట గట్టు మీద, ముప్పై అడుగుల దూరం నుంచి కాల్చాను. పంది ఒక్కసారి తల విదిలించింది, చెవిలో జోరీగ దూరినట్టు. తర్వాత మామూలుగా నడుచుకుంటూ చెరుకులోకి పోయింది. తగల్లేదనుకున్నాను. నాలుగో రోజు తోటలోంచి వాసన వచ్చింది. చెరుకు నరికేవాళ్లు నన్ను పిలిచి చూపించారు. అది ఒక్క చోట చావలేదు. మూడు చోట్ల నేల దున్నినట్టు తవ్వి ఉంది, మూడు చోట్లా పడుకుని లేచింది. ఆ కూలీల్లో ఒక ముసలమ్మ నా వైపు చూసి, "కొడితే కొట్టాలె బిడ్డా, లేకుంటే విడవాలె" అంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా పాయింట్ 22 తో పంది మీద ట్రిగ్గర్ నొక్కలేదు.

తర్వాత 315 బోరు తీసుకున్నాను. ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది. దీనికో కథ ఉంది. బ్రిటిష్ వాళ్ల పాలనలో సైన్యం వాడే పాయింట్ 303 తూటా పౌరుల చేతికి చిక్కకూడదని, రైఫిలు అదే పద్ధతిదైనా గొట్టాన్ని ఆస్ట్రియా వాళ్ల మాన్‌లిఖర్ తూటాకు సరిపోయేలా మార్చి అమ్మారు. స్వాతంత్ర్యం వచ్చింది, రాజులు పోయారు, ఆ తూటా మాత్రం మన పల్లెటూళ్లలోనే స్థిరపడిపోయింది. ఎనిమిది మిల్లీమీటర్ల గుండు, 244 గ్రెయిన్లు. తులమున్నరకు కాస్త తక్కువ. వేగం గొప్పది కాదు, చూపు సాగినంత దూరం కొట్టేదీ కాదు. అరవై, డెబ్బై గజాల్లో నిలబడ్డ పందికి మాత్రం రెండో ఆలోచన ఉండదు.

ఈ మూడు తుపాకులతో నేను సుఖంగా ఉన్న రోజుల్లో ఆయుధ చట్టానికి 2019 సవరణ వచ్చింది. ఒక మనిషికి మూడు కాదు, రెండే. ఏడాదిలోపు మూడోది అప్పజెప్పాలి.

దోస్తులందరూ ఒకే మాట అన్నారు. పందికి పనికిరాని పాయింట్ 22 ఉంచుకుని ఏం చేస్తావు, అదిచ్చేయ్. వినడానికి సబబే. నేను 12 బోరు ఇచ్చేశాను. పిచ్చోడన్నారు. ఇప్పటికీ అంటారు.

12 బోరులో పందికి వాడేది ఎల్జీ. శనగ గింజంత సీసపు గుండ్లు, ఒక్క తూటాలో కొన్ని. దగ్గర్లో అన్నీ ఒక చోటే పడతాయి. ముప్పై, నలభై గజాలు దాటితే విడిపోతాయి. ఒకటి నువ్వు చూసిన పందికి, ఒకటి దాని వెనక నువ్వు చూడని పిల్లకు. మంద మీద ఎల్జీ కొట్టినవాడు ఎన్ని గాయపరిచాడో వాడికే తెలియదు. పొద్దున లేచి ఒక పంది పడిందని చెప్పుకుంటాడు. నాకు ఆ ముసలమ్మ మాట గుర్తుండిపోయింది కాబట్టి విడిపోయే గుండ్లు వద్దనుకున్నాను.

ఇక పాయింట్ 22 ఎందుకు ఉంచుకున్నానంటే, 315 తూటాలు ఖరీదు. ఏడాదికి ఎన్ని కొనొచ్చో లైసెన్సు పుస్తకంలో రాసి ఉంటుంది. వాటితో రోజూ సాధన చేస్తే పంది ముందు నిలబడేనాటికి చేతిలో ఏమీ మిగలదు. చెయ్యి కుదురుగా ఉండాలంటే మాత్రం కాల్చాలి, వందలు కాల్చాలి. హైదరాబాదుకు పోయి రేంజిలో, 50 మీటర్ల దూరంలో కాగితం మీద, ఈ చిన్న తూటాతోనే కాలుస్తాను. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిలు పోటీలో పది పాయింట్ల వలయం అడ్డం కొలత 10.4 మిల్లీమీటర్లు. నేను అంత చూడను. ఐదు గుండ్లూ పాత రూపాయి బిళ్ల కింద దాగితే ఆ రోజు నాకు పండుగ.

ఆ రేంజిలోనే ఆటగాళ్లను చూసి ఇంకో సంగతి నేర్చుకున్నాను. ఒకే కంపెనీ తూటా అయినా ఒక్కో లాటు ఒక్కో రైఫిలుతో ఒక్కో రకంగా నడుస్తుంది. పెట్టె మీద చిన్న అక్షరాల్లో లాటు నంబరు ఉంటుంది, మనవాళ్లు ఎవరూ చూడరు. ఆ పిల్లలు ముందు తలా ఒక పెట్టె కాల్చి చూసి, తమ రైఫిలుకు నచ్చిన లాటు దొరికితే మిగతావన్నీ అదే లాటులో కొంటారు. నేను కూడా దుకాణంలో నంబరు అడగడం మొదలుపెట్టాను. కౌంటరు వెనక మనిషి మొదటిసారి నన్ను ఎగాదిగా చూశాడు. ఇప్పుడు నేను అడగకముందే పెట్టె తిప్పి చూపిస్తాడు. లాటు కుదరడం సగం, ఇంట్లో త్రాసు మీద ఏరడం పావు, మిగతా పావు నా ఊపిరి.

అసలు తూటా కట్టడం అంటే ఏమిటో కళ్లారా చూసింది టెక్సాస్‌లో. మా పెద్ద బిడ్డ డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది. చలికాలంలో మూడు నెలలు ఉండొచ్చాం. మా అల్లుడి ఆఫీసులో ఒక తెల్లాయన, నా పని సంగతి విని, శనివారం పొద్దున తన ఇంటికి రమ్మన్నాడు. కారు షెడ్డులో ఒక మూల బల్ల. మా దుకాణంలో మోటారు చుట్టే బల్లలాగే ఉంది, కాకపోతే శుభ్రంగా. బల్లకు బిగించిన ఒక చేతి ప్రెస్సు, పక్కన ఇత్తడి ఖాళీ గొట్టాల గిన్నె, గోడకు కొలతల చిట్టా. పాయింట్ 223 అనే తూటా. 1964లో వచ్చింది. గుండు వెడల్పు మన పాయింట్ 22 అంతే. వెనక గొట్టం మాత్రం సీసాలా పొట్ట పెట్టుకుని ఉంటుంది. 55 గ్రెయిన్ల గుండును అది సెకనుకు కిలోమీటరుకు దగ్గర వేగంతో తోస్తుంది. నా దానికి దాదాపు మూడింతలు.

ఆయన ఒక ఖాళీ గొట్టం తీసుకుని ప్రెస్సులో పెట్టి పిడి లాగాడు. పేలినప్పుడు ఉబ్బిన ఇత్తడి మళ్లీ కొలతకు వచ్చింది, అడుగున పాత టోపీ ఊడి పడింది. ఆ గుంటను చిన్న బ్రష్షుతో గీకి, కొత్త టోపీ నొక్కాడు. తర్వాత మందు. గ్రెయిన్‌లో పదో వంతు చూపించే త్రాసు. గురిగింజెత్తులో ఇరవయ్యో వంతు అనుకోండి. పక్కన పుస్తకం తెరిచి ఉంది, ఆ రైఫిలుకు ఆ గుండుకు ఆ మందు ఎంతనుంచి ఎంతదాకా అని. ఆయన ఎప్పుడూ కింది అంకె దగ్గర మొదలుపెడతాడట, కొద్దికొద్దిగా పెంచుకుంటూ కాగితం మీద కాల్చి చూసి, గుండ్లు ఒక్క చోటికి వచ్చిన చోట ఆగుతాడట. పై అంకె దాటడు. "దాటితే?" అని అల్లుడితో అడిగించాను. ఆయన మాట్లాడకుండా తన ఎడమ చేతి వేళ్లు చాచి, రెండు మడిచి చూపించాడు. నాకు ఒళ్లు జలదరించింది. మా పక్క ఊరాయనను ఈయన ఎప్పుడు చూశాడు?

గుండు ఎంపిక గురించి చాలాసేపు చెప్పాడు. అల్లుడు తెలుగు చేయలేక అవస్థ పడుతుంటే నేనే బొంగరం పేరెత్తాను. గొట్టం లోపల మెలిక గాట్లు గుండును తిప్పుతాయి. బొంగరం తిరిగితేనే నిలబడ్డట్టు, తిరిగితేనే గుండు నిటారుగా పోతుంది. పొట్టి గుండుకు తక్కువ తిప్పు చాలు, పొడుగు గుండుకు ఎక్కువ తిప్పు కావాలి. 12 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గొట్టంలో పొడుగు గుండు వేస్తే అది వంకర పోతుంది, కాగితం మీద గుండ్రటి చిల్లు కాదు, తాళం చెవి పట్టే చిల్లు పడుతుంది. అందుకే రైఫిలు కొనేవాడు ముందు తాను ఏ జంతువు మీద, ఎంత దూరం నుంచి కాలుస్తాడో అనుకుని, దానికి గుండు, ఆ గుండుకు గొట్టం, ఇలా వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలట. మనం తుపాకి కొని తర్వాత జంతువును వెతుక్కుంటాం.

నాకు బాగా నచ్చింది ఆ గుండ్ల తొడుగు. వాళ్లు కాల్చేది ప్రెయిరీ డాగ్ అనే బొరియల జంతువును. మన ఉడుత కంటే పెద్దది, గడ్డి మైదానాల్లో కాలనీలు కడుతుంది. దానికోసం గుండుకు రాగి తొడుగు ఉల్లిపొరంత పల్చగా చేస్తారు. అంత వేగంతో నేలనో గడ్డి దుబ్బునో తాకగానే గుండు ముక్కలు చెక్కలైపోతుంది, ఎగిరి ఎటూ పోదు. నా పాయింట్ 22 నెమ్మదైన ఒట్టి సీసపు గుండు. మా మెదక్ నేల నిండా బండలు. కోట గుట్ట నుంచి పోచారం దాకా ఎటు చూసినా గుండ్రాళ్లే. ఆ గుండు బండ మీద ఏటవాలుగా తగిలితే చెరువు నీళ్ల మీద పెంకు ఎగిరినట్టు ఎగురుతుంది. పెట్టెల మీద ప్రమాద దూరం ఒక మైలనో, మైలున్నర అనో రాసి ఉండేది ఉత్తినే కాదు.

ఆ తెల్లాయన పందులను కూడా కాలుస్తాడు, వాటికి వేరే పెద్ద రైఫిలు. 2019 నుంచి టెక్సాస్‌లో సొంతదారు ఒప్పుకున్న పట్టా భూమిలో అడవి పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదట. అంత వెసులుబాటు ఉన్నా నేను ఆ షెడ్డులో రెండు చేతులూ వెనక కట్టుకునే నిలబడ్డాను. విజిటర్ వీసా మీద వచ్చినవాడు, అక్కడి వేట లైసెన్సు లేకుండా, తుపాకి గానీ తూటా గానీ చేత పట్టకూడదని అల్లుడు ముందే హెచ్చరించాడు. వచ్చేటప్పుడు గుర్తుగా ఉంచుకోమని ఒక ఖాళీ ఇత్తడి గొట్టం ఇవ్వబోయాడాయన. మన విమానాశ్రయంలో బ్యాగులో అది బయటపడితే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసరికి నా తల ప్రాణం తోకకు వస్తుంది. వంగి, వాసన మాత్రం చూశాను. బాపు అరుగు మీద వాసన కాదది. అది పొగ లేని మందు, పుల్లగా ఉంటుంది. బాపుది గంధకం.

మళ్లీ మెదక్. ఇక్కడ తూటాకు ఇద్దరు శత్రువులు, ఎండ, తేమ. మేలో జీపు డ్యాష్‌బోర్డు మీద తూటాల పెట్టె మరిచిపోతే మందు వేడెక్కి, అదే తూటా ఇంకాస్త కోపంగా పోతుంది, గుండు కాస్త పైన తగులుతుంది. తేమ సంగతి నా తప్పుతోనే నేర్చుకున్నాను. పాత తూటాలు కొన్నింటిని వాన కారే గోడవైపు అల్మారాలో రెండేళ్లు ఉంచాను. ఒక రాత్రి పంది ఎదురుగా ఉండగా ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, అంతే. అలాంటప్పుడు తుపాకి వెనక మూత తెరవకూడదు. తుపాకి నేలవైపే పెట్టి, అర నిమిషం లెక్కపెట్టాలి. ఒక్కోసారి లోపల నిప్పు ఆలస్యంగా అందుకుంటుంది. నేను పన్నెండు దాకా లెక్కపెట్టానో లేదో, పక్కన టార్చి పట్టుకున్న పిల్లవాడు "అన్నా, తెరువు, పోతున్నది" అని నా చెయ్యి పట్టి గుంజాడు. తెరవలేదు. పేలనూ లేదు. పంది పోయింది. ఆ పిల్లవాణ్ని మళ్లీ వెంట తీసుకుపోలేదు.

కాగితాల గొడవ కూడా తక్కువ కాదు. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద, నిలబడ్డ పంటకు నష్టం చేస్తున్న జంతువును కాల్చడానికి అధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. బిహార్‌లో 2015లో, ఉత్తరాఖండ్‌లో 2016లో కొన్ని జిల్లాల్లో కొంతకాలం అడవి పందిని హానికర జంతువుగా కేంద్రమే ప్రకటించింది. మన దగ్గర ప్రతిసారీ కాగితమే. కాల్చిన పంది ప్రభుత్వ ఆస్తి. అటవీ శాఖ వాళ్ల ఎదుట పంచనామా చేసి పూడ్చాలి. ఊర్లో కొందరి ముఖాలు అక్కడే వాడిపోతాయి. ఎన్నికలొస్తే ఇంకో చిక్కు, లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో పెట్టాలి. 2023లో అసెంబ్లీ ఎన్నికలు నవంబరు 30న జరిగాయి. వరి కోతల నెలంతా నా రైఫిలు గొలుసుతో కట్టేసి ఠాణాలో ఉంది, పందులకు ఎన్నికల కోడ్ లేదు.

కాగితం ఆలస్యమైన చోట రైతు కరెంటు తీగ లాగుతాడు. ఆ తీగకు పంది కంటే ముందు పక్క చేను రైతో, ఆయన ఎద్దో తగులుతుంది. అందుకే ఫోన్ వస్తే దుకాణం మూసి పోతాను. మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక మా వైపు చెరుకు తగ్గింది. చెరుకులో పగలంతా పడుకునే మందలు మక్క మీదికి, అడవి అంచు చేలకు మళ్లాయి. ఫోన్లు ఇప్పుడు ఎక్కువ పోచారం అడవి వైపు నుంచే.

మొన్న భాద్రపదంలో అలాగే ఒకటి వచ్చింది, హవేలిఘనపూర్ మండలంలో ఒక ఊరి నుంచి. మూడెకరాల మక్క, కంకి పాలు పోసుకున్న దశ. రైతు వయసు నాకంటే చిన్న. పందులు తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. ఒక్కో కంకిని ఒక్క కొరుకు కొరికి పడేసిన చోట నిలబడి, "తింటె తిననియ్ కాకా, గీ ఆగం జేసుడేంది?" అన్నాడు.

గాలి ఎటు వీస్తోందో చూసుకుని, చేను మధ్య మంచె ఎక్కాం. పందికి కళ్లు మసక, ముక్కు మాత్రం మన ఊహకు అందదు. మంచె ఎక్కేది పందికి కనబడకుండా ఉండడానికే అనుకుంటారు. నేను ఎక్కేది గుండు కోసం. పై నుంచి కిందికి కాలిస్తే, పందికి తగిలినా తగలకున్నా గుండు పోయి దిగేది దుక్కి నేలలోకే. వెంట ఐదు 315 తూటాలు తీసుకుపోయాను, రాసుకునే నోట్‌బుక్‌లో ఐదు అని రాసి. పన్నెండు దాటాక మక్క ఆకులు గరగరలాడాయి. మంద కాదు, ఒంటి మగపంది. చేలోకి రాలేదు. అవతల గట్టు ఎక్కి అక్కడే నిలబడింది, ఆకాశం మీద గీసినట్టు వీపు ముళ్లతో సహా. యాభై గజాలు లేదు. రైతు నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు.

రైఫిలు ముందు గింజ దాని భుజం మీద నిలబడింది. ముప్పై ఏళ్ల రూపాయి బిళ్లల సాధనంతా ఆ గింజ కొస మీద ఉంది. గట్టుకు వెనక నేల లేదు. పల్లం. పల్లంలో రెండు పొలాల అవతల మోటారు షెడ్డు, దానికొక బల్బు. ఆ షెడ్డులో రాత్రి కరెంటు కోసం ఎవరో ఒకరు పడుకునే ఉంటారు. నేను చుట్టిన మోటారే కావచ్చు అది. పంది దిగుతుందేమోనని నాలుగైదు నిమిషాలు చూశాను. అది తిరిగి వచ్చిన వైపే దిగిపోయింది.

"ఎందుకు గొట్టలే కాకా?" రైతు గొంతులో కోపం కంటే నీరసమే ఎక్కువ.

బల్బు చూపించాను. కాసేపు ఆ వైపు చూసి, "మా బామ్మర్ది పన్నడు ఆడ" అన్నాడు.

తెల్లారేదాకా ఇంకేమీ రాలేదు. దిగాక, చేను చుట్టూ నాలుగు వరుసలు కుసుమ వేసి చూడమన్నాను. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పేదే ఇది, ముళ్లకు పంది ముట్టె గీసుకుపోయి వెనక్కి తిరుగుతుంది. ఈ పంటకు దాటిపోయింది, యాసంగికి చూస్తానన్నాడు. బండిలో మక్క కంకుల సంచి పెట్టబోతే వద్దన్నాను. అయినా పెట్టాడు.

ఇంటికి వచ్చి ఐదు తూటాలు లెక్కపెట్టి, నోట్‌బుక్‌లో ఐదు ఎదురుగా ఐదు రాసి అల్మారాకు తాళం వేశాను. మా ఇంటామె కంకులు విప్పుతోంది. సగానికి పైగా ఒక్కో కొరుకు కొరికినవే.